పిల్లలకి జట్టు కట్టడం నేర్పబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. డీఎస్సీలో నీకు పోస్టు వచ్చిన రోజున ఎంత సంబరంగా మాట్లాడాడో నిన్నా అంతే. "అక్కా, నీ మేనకోడలు శనివారం పూట ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకి మంచి స్నేహితుడంటే ఎవరో నేర్పుతుందట. చార్టు కూడా తయారుచేసింది" అన్నాడు. ఫోన్ పెట్టేసిన కాసేపటికి ఆ చార్టు ఫొటో వాట్సాప్‌లో పంపాడు.

ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఎక్కాలు, గుణింతాలు అందరూ నేర్పుతారు. పక్కవాడితో ఎలా మెలగాలో నేర్పడానికి ఒక పీరియడ్ పెట్టాలని, అదీ చేరిన మొదటి ఏడాదిలోనే నీకు తోచింది. మన ఇంట్లో నా తర్వాత బడిని పట్టించుకునే మనిషి వచ్చిందనుకున్నాను.

కానీ ఆ చార్టులో ఆరో పాయింటు దగ్గరికి వచ్చేసరికి గుండె గుభేలుమంది. "మంచి స్నేహితుడు తన స్నేహితుడి రహస్యాన్ని ఎవ్వరికీ చెప్పడు" అని ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి, కింద గీత కూడా గీశావు. ఫోన్లో చెబుదామంటే "సరే అత్తా, అలాగే అత్తా" అని పెట్టేస్తావు. అందుకని కూర్చుని రాస్తున్నాను. నువ్వూ కూర్చుని చదువు.

ముందు చిన్న చిన్న సంగతులు. పావుగంటకి మించి పాఠం చెప్పకు. చార్టు నీ గోడకి అందమే గానీ ఒకటో తరగతి పిల్లలు దాన్ని చదవలేరు. బెంచీలుంటే పక్కకి జరిపి గుండ్రంగా కింద కూర్చోబెట్టు, నువ్వూ కిందే కూర్చో. అందరినీ పేరు పెట్టి పిలువు. ఇంటిపేరుతో, పేటపేరుతో పిలవకు. ఎవరైనా ఒక రోజు రాకపోతే మర్నాడు "నిన్న నువ్వు లేవని చూసుకున్నాం" అని అందరిముందూ అను. ఆ ఒక్క మాట పిల్లలు పట్టుకుంటారు, వాళ్లూ అనడం మొదలెడతారు.

పిల్లల ఆలోచన ఎదిగే దశల్లో పియాజే అనే మనస్తత్వవేత్త చెప్పిన పూర్వ ప్రచాలక దశ, రెండేళ్ల నుంచి ఏడేళ్ల దాకా. డీఎస్సీకి బట్టీ పట్టావు కదా, నన్ను అడక్కుండానే చెప్పగలవు. అయితే పరీక్షలో బిట్టు పెట్టేసి వదిలేసే విషయం కాదది. ఆ వయసు పిల్లాడికి ఎదుటివాడి మనసులో తనకంటే వేరే ఆలోచన ఉంటుందని పూర్తిగా అంతుపట్టదు. పార్టెన్ అనే ఆవిడ 1932లో చిన్నపిల్లలు ఆడుకునే తీరు చూసి రాసిన దశలు కూడా చదివే ఉంటావు. ముందు ఒంటరిగా ఆడతారు, తర్వాత పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడతారు, ఆ తర్వాతే కలిసి ఆడటం వస్తుంది. నీ ఒకటో తరగతిలో కొందరు ఇంకా పక్కపక్కన ఆడే దగ్గరే ఉంటారు. వాళ్లకి త్యాగం, నమ్మకం, విశ్వాసం అంటే ఏం తెలుస్తుంది? "నీ ఫ్రెండెవర్రా?" అని అడుగు. ఇవాళ పక్కన కూర్చున్నవాడి పేరు చెబుతాడు. రేపు అడిగితే ఇంకో పేరు. "ఎందుకు ఫ్రెండయ్యాడు?" అంటే "నాకు రబ్బరిచ్చాడండి", "నన్ను కొట్టడండి" అంటారు. వాళ్లకి తెలిసిన స్నేహం అదే. అక్కడి నుంచే మొదలుపెట్టు. రబ్బరు అడిగి తీసుకోవడం, తిరిగి ఇవ్వడం, వంతు వచ్చేదాకా ఆగడం, పడిపోయినవాణ్ని లేపడం, "నువ్వూ రా" అని పిలవడం. చేతితో చేసి చూపించగలిగినవే నేర్పు. చార్టులో మిగతావన్నీ పైతరగతులకి దాచుకో.

"ఈ వారం బెస్ట్ ఫ్రెండ్" అని కిరీటం పెడతానన్నావట. ఆ కిరీటం తీసెయ్యి తల్లీ. మొదటి వారం అందరికీ సరదాగానే ఉంటుంది. నాలుగో వారానికి కిరీటం రాని పిల్లలెవరో క్లాసంతటికీ తెలిసిపోతుంది. వాళ్లకి మరీ బాగా తెలుస్తుంది. పైగా టీచరు చూస్తున్నప్పుడు పెన్సిలిచ్చి, అటు తిరగగానే లాక్కునే పిల్లలు తయారవుతారు. మంచి పని చేసినవాడి దగ్గరికెళ్లి మెల్లగా "వాడికి చోటిచ్చావు, చూశాను" అను. చాలు.

ఇక ఒంటరిగా నిలబడే పిల్లల సంగతి. ప్రతి క్లాసులో ఒకరో ఇద్దరో ఉంటారు. కొత్తగా చేరిన టీచర్లు చేసే పని ఏమిటంటే, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆడేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి "ఈ అమ్మాయిని కూడా ఆడించుకోండి" అని గట్టిగా చెప్పడం. నువ్వున్నంతసేపు ఆడించుకుంటారు. నువ్వు వెళ్లగానే ఆ పిల్ల మళ్లీ గోడ దగ్గరే ఉంటుంది. ఆడించుకోమని వాళ్లకి చెప్పడం కాదు, ఆటలో కలవడం ఎలాగో ఈ పిల్లకి నేర్పాలి. అది కూడా ఒక విద్యే, ఈత లాగా కొందరికి చూస్తే వచ్చేస్తుంది, కొందరికి పట్టుకుని నేర్పాలి.

మా బడిలో ఒక రెండో తరగతి పిల్ల ఉండేది. వాళ్ల నాన్న ఇటుక బట్టీలో పనికొచ్చాడు, సగం సంవత్సరంలో చేరింది. రోజూ తొక్కుడుబిళ్ల ఆడేవాళ్ల దగ్గరికెళ్లి "నేను ఆడనా? నేను ఆడనా?" అని అడిగేది. "మేం సరిపోయాం, ఫో" అనేవాళ్లు. ఒకరోజు ఆ పిల్లని నా పక్కన మెట్టు మీద కూర్చోబెట్టుకుని "అడక్కు. కాసేపు చూడు. ఎవరి బిళ్ల ఎక్కడ పడుతోందో చూడు" అన్నాను. చూసింది. మర్నాడు కూడా చూసింది. ఇంతలో ఒకళ్ల బిళ్ల గీత దాటి, దొర్లి, చెప్పుల కుప్ప కిందికి పోయింది. ఆట ఆగిపోయింది. ఈ పిల్ల లేచి, చెప్పులు ఒక్కొక్కటీ పక్కకి పెట్టి, బిళ్ల వెతికి, గౌను అంచుకి తుడిచి, ఆ గళ్ల పక్కన నిలబడి "నీది నాలుగో గడి కదా" అని ఇచ్చింది. ఏ గడిలో ఉందో కూడా చూసి పెట్టుకుంది! ఆ అమ్మాయి బిళ్ల తీసుకుని, "నా తర్వాత నువ్వు వెయ్యి" అంది. నేను ఒక్క మాట మాట్లాడలేదు.

1977లో అమెరికాలో షెర్రీ ఓడెన్, స్టీవెన్ ఆషర్ అని ఇద్దరు ఇదే పని పద్ధతిగా చేసి చూశారు. మూడు, నాలుగు తరగతుల్లో ఎవరూ జట్టు చేర్చుకోని పిల్లల్ని కూర్చోబెట్టి, ఆటలో పాల్గొనడం, వంతు ఇవ్వడం, మాట్లాడటం, ఎదుటివాణ్ని మెచ్చుకోవడం గురించి ముందు కాసేపు మాట్లాడారు. ఆ తర్వాత తోటిపిల్లలతో ఆడించి, అయ్యాక ఎలా జరిగిందో అడిగారు. ఆ పిల్లలతో ఆడటానికి క్లాసులో మిగతావాళ్ల ఇష్టం పెరిగింది, ఏడాది తర్వాత చూసినా ఆ తేడా నిలిచే ఉంది. ముందు మాట, తర్వాత ఆట, ఆ తర్వాత మళ్లీ మాట. నీకు శనివారం ఆ వీలుంది, వాడుకో.

స్నేహాన్ని కొనుక్కునే పిల్లలు కూడా ఉంటారు. వాళ్లని కనిపెట్టు. నువ్వే ఉన్నావు కదా. ఆరేళ్లప్పుడు మీ నాన్న నీకు వాసనొచ్చే రబ్బర్ల డబ్బా తెస్తే, వారం తిరక్కుండా ఒక్కటీ మిగల్లేదు. మీ అమ్మ పారేసుకున్నావని కేకలేసింది. నువ్వు ఏడుస్తూ నా వెనక దాక్కున్నావు. రాత్రి పక్కలో పడుకుని నెమ్మదిగా చెప్పావు, రోజుకొక రబ్బరు ఇస్తేనే ఆ పిల్ల నీతో నడిచి ఇంటికొస్తానందని. డబ్బా అయిపోయాక ఏం చెయ్యాలో తెలియక నీకు జ్వరం వచ్చినంత పనైంది. నీ జుట్టు నిమురుతూ ఎంతసేపు మెలకువగా ఉన్నానో. ఇంత చిన్న ప్రాణానికి ఇంత టెన్షన్ ఏమిటా అనిపించింది. ఇప్పుడు నీ క్లాసులోనూ నీలాంటిది ఒకతి ఉంటుంది. చిక్కీ ఇచ్చే రోజు తనది తినకుండా దాచి వేరేవాళ్ల చేతిలో పెడుతుంది. దాన్ని చూసి "ఎంత మంచి పిల్లో, పంచుకుంటోంది" అని మెచ్చుకుని ఊరుకోకు. "ఇవ్వకపోతే ఏమవుతుంది?" అని ఒక్కసారి అడుగు. ఇష్టమై పంచుకునేదైతే నవ్వుతుంది. లేకపోతే ముఖం చూస్తేనే నీకు తెలిసిపోతుంది.

అన్నం దగ్గర ఇంకోటి చూడాలి. పాఠం కంటే బడి భోజనం వరసలోనే స్నేహం ఎక్కువ తెలుస్తుంది. ఒక పిల్ల వచ్చి కూర్చోగానే ఇంకో పిల్ల పళ్లెం పట్టుకుని అవతలికి జరుగుతుంది. ఎందుకంటే "మా నానమ్మ తిడుతుందండి" అంటుంది. ఆ పిల్లకి కులం అంటే ఏమిటో తెలియదు, నానమ్మ కోపం తెలుసు. అందరిముందూ నిలబెట్టి ఉపన్యాసం ఇస్తే జరిగిన పిల్లా, పక్కన కూర్చున్న పిల్లా ఇద్దరూ సిగ్గుతో చచ్చిపోతారు. ఏమీ అనకు. మర్నాడు నీ పళ్లెం నువ్వు తెచ్చుకుని, పక్కకి నెట్టేసిన పిల్ల పక్కన కూర్చుని తిను. ఆ తర్వాత రోజూ వరస మార్చు. ఒకరోజు పుట్టిన నెల ప్రకారం, ఒకరోజు హాజరు నంబరు ప్రకారం, ఒకరోజు పొడుగు ప్రకారం. పిల్లలకి అది ఆట అనుకోనీ. నానమ్మలతో మాట్లాడే పని పేరెంట్స్ మీటింగులో చూసుకోవచ్చు. అప్పుడైనా తప్పు పట్టకు, "మీ మనవరాలు పక్కపిల్లకి చదవడం నేర్పిందండీ" అని ఇద్దరి పేర్లూ కలిపి చెప్పు. ఇది ఒక్క రోజులో తెమిలే పని కాదు, విసుగు పడకు.

ఇప్పుడు ఆ ఆరో పాయింటు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడి రెండు గదులు, ఒక వరండా. గేటు దాటితే రోడ్డు, రోడ్డు దాటితే కాలువ గట్టు. గోదావరి జిల్లాల పిల్లవి, నీకు కాలువ గురించి చెప్పక్కర్లేదు గానీ విను. వేసవిలో కాలువ కట్టేస్తారు కదా, అడుగున పిల్లలు క్రికెట్ ఆడతారు. ఆ రోజుల్లోనే పూడిక తీస్తారు, గట్టు పోసుకోవడానికి అక్కడక్కడ తవ్వుతారు. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలేసరికి, పోయినేడు మోకాలి లోతున్న రేవు పక్కనే నిలువులోతు గొయ్యి ఉంటుంది. పైకి అంతా ఒకటే ఎర్రనీళ్లు. బళ్లు తెరిచేదీ ఆ నెలలోనే.

పక్క గదిలో మూడో తరగతికి పెద్ద మాస్టారు చెప్పేవారు. చాలా మంచి మనిషి. పలకలు లేని పిల్లలకి సొంత డబ్బుతో కొనిచ్చేవారు. పద్యాలంటే ప్రాణం ఆయనకి. మంచి మిత్రుడి లక్షణాలు చెప్పే భర్తృహరి సుభాషితం పిల్లల చేత రాగయుక్తంగా చెప్పించేవారు. "గోప్యంబు దాచు" అన్న చోట ఆగి, "విన్నారా, ప్రాణం పోయినా సరే స్నేహితుడి రహస్యం బయట పెట్టకూడదు. పెట్టినవాడు మిత్రుడు కాడు" అనేవారు. దానికి తోడు, ఎవరైనా వచ్చి "మాస్టారూ, వీడండీ" అని ఏదైనా చెబితే ఆయనకి కోపం. ఆ చెప్పినవాణ్నే నిలబెట్టి, మిగతా పిల్లల చేత "చాడీకోరు, చాడీకోరు" అనిపించేవారు. మా అందరికీ అది మామూలుగానే ఉండేది. బడి గోలగోలగా లేకుండా సద్దుమణిగి ఉంటోందని సంతోషించేవాళ్లం కూడా.

ఆ క్లాసులో ఇద్దరు మగపిల్లలు ఎప్పుడూ ఒకే చోట కూర్చునేవాళ్లు. ఒకడు చురుకైనవాడు, రెండోవాడు వాడి నీడలో తిరిగేవాడు. కాలువకి నీళ్లొచ్చిన వారం అది. మధ్యాహ్నం గంట కొట్టాక ఆ నీడలో తిరిగేవాడు ఒక్కడే వచ్చి కూర్చున్నాడు. చురుకైనవాడి పలక ఉంది, మనిషి లేడు. "వాడేడిరా?" అంటే "తెలీదండి" అన్నాడు. తల ఎత్తలేదు. నేను కూడా వచ్చి అడిగాను, "ఇంటికెళ్లాడేమోనండి" అన్నాడు. వాడు తన పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉన్నాడు. అది చూశాం. ఎందుకో ఎవరికీ తోచలేదు.

కాసేపటికి గట్టు మీది నుంచి కేకలు. గేదెల్ని కడగడానికి దిగిన ఒకాయన, గుర్రపుడెక్క సందులో చెయ్యి కనపడితే దూకి లాగాడు. మేం పరుగెత్తేసరికి పిల్లాణ్ని గట్టు మీద పడుకోబెట్టారు. పెదాలు నల్లబడిపోయాయి. మీ తాతయ్య పోయినప్పుడు కూడా నా కాళ్లు అలా వణకలేదు. పిల్లాడు బతికాడు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు వెళ్లి చాలా రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాడు, కానీ బతికాడు. సాయంత్రం ఆ రెండోవాడి సంచి విప్పితే అందులో వీడి చొక్కా ఉంది, మడత పెట్టి. తడవకుండా దాచమని ఇచ్చి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని వెళ్లాడన్నమాట.

ఊరంతా వాడి మీద పడింది. "తెలిసి కూడా చెప్పలేదేంట్రా? నువ్వేం స్నేహితుడివి?" అని అందరూ అడిగారు. వాళ్లమ్మ కొట్టింది. వాడు ఏడవలేదు. పెద్ద మాస్టారి వైపు చూసి, "చెబితే ఫ్రెండు కాదన్నారు కదండీ" అన్నాడు. మాస్టారు వరండా స్తంభం పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు.

ఆ పిల్లాడి తప్పేముందే అమ్మలూ? మేం నేర్పింది నేర్పినట్టు చేశాడు. ఎనిమిదేళ్లవాడు బడంతా కలిసి అడిగినా నోరు విప్పలేదంటే, ఎంత గట్టిగా నేర్పామో చూడు. తర్వాత ఆ రెండు కుటుంబాలు పిల్లల్ని కలవనివ్వలేదు. పిల్లాడు ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా ఇద్దరూ గదికి చెరో మూలా కూర్చున్నారు. ఆ ఏడాదంతా అలాగే గడిచింది. మాస్టారు మాత్రం బడి ముందు నిలబడి, "తప్పు వాడిది కాదు, నేను చెప్పిన పాఠానిది" అని పిల్లలందరికీ చెప్పారు. ఆయన వయసుకి, ఆ రోజుల్లో, అది చిన్న మాట కాదు. ఇప్పటికీ జూన్ నెలలో పేపర్ తెరవాలంటే నాకు భయమే.

పద్యానిది తప్పు అనను. పద్యంలో మొదట ఏముంది? చెడు నుంచి మరల్చడం. గోప్యం దాచడం మూడోది. ఆపదలో విడిచిపెట్టకపోవడం కూడా అందులోనే ఉంది. పెద్దవాళ్లం కాబట్టి ఏది ఎప్పుడు ముందుకు తీసుకోవాలో మనకి తెలుస్తుంది. ఆరేళ్ల పిల్లాడికి రెండు మాటలు ఎదురుబొదురుగా నిలబడితే ఏది పెద్దదో తేల్చుకునే శక్తి ఉండదు. వాడికి మొదటిదీ, ఆపదలో విడిచిపెట్టనిదీ నేర్పు. గోప్యం సంగతి ఎనిమిదో తరగతి తెలుగు మాస్టారు చూసుకుంటారు.

మరి ఏం చెప్పాలి అంటావా? పిల్లలకి ఇలా చెప్పు. నీళ్లు, కరెంటు, నిప్పు, రోడ్డు, వీటి దగ్గరికి ఫ్రెండు వెళుతున్నాడంటే పరుగెత్తుకొచ్చి పెద్దవాళ్లకి చెప్పాలి. ఎవరైనా కొడుతున్నారన్నా, బాధపెడుతున్నారన్నా చెప్పాలి. పుట్టినరోజుకి ఏం కొన్నారో చెప్పకపోయినా ఫర్వాలేదు, అది రేపు అందరికీ తెలిసేదే. కానీ పొట్టలో భయంగా ఉండే రహస్యం ఏదైనా దాచకూడదు. "ఎవరికీ చెప్పకు" అని పెద్దవాళ్లు అన్నారంటే అది మొదట చెప్పాల్సిన మాట, అన్నది మామయ్య అయినా, వ్యాన్ డ్రైవరయినా, టీచరయినా సరే. ఇందుకే నాకు ఆ ఎర్ర గీత చూస్తే ఒళ్లు జలదరించింది. పిల్లల మీద చెయ్యి వేసే దుర్మార్గుడు మొదట చెప్పే మాట కూడా అదే కదా, "ఇది మనిద్దరి రహస్యం, మనం ఫ్రెండ్స్ కదా" అని. మనం చార్టు రాసి గోడకి అంటించి వాడి పని సులువు చెయ్యకూడదు. పిల్లల మీద లైంగిక నేరాల్ని అడ్డుకునే పోక్సో చట్టం 2012 నుంచి ఉంది, పిల్లలు అలాంటిదేదైనా చెబితే పోలీసులకి తెలియజేయడం నీ బాధ్యత. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద పెద్ద అంకెలతో రాయించు, పిల్లల చేత పాటలా చెప్పించు. ఆ ఎర్ర స్కెచ్ పెన్ను దానికి వాడు.

చాడీలు ఎక్కువైపోతాయని భయపడతావు. అవుతాయి కూడా. "వాడు నా వైపు నాలిక చాపాడండి" అని రోజుకి ఎన్నిసార్లు వస్తారో! వచ్చినవాణ్ని ఒకటే అడుగు. "వాణ్ని తిట్టించడానికి చెబుతున్నావా, వాడికి దెబ్బ తగలకుండా చెబుతున్నావా?" మొదట్లో తెల్లముఖం వేస్తారు. దసరా సెలవులొచ్చేసరికి వాళ్లే దారిలో ఆగి ఆలోచించుకుని వెనక్కి వెళ్లిపోతారు. అయితే ఏ మాటకైనా "ఫో అవతలికి" అనకు. నాలిక సంగతి పదిసార్లు ఓపిగ్గా విన్నావు కాబట్టే పదకొండోసారి అసలు సంగతి నీ దగ్గరికొస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఎవరు చెప్పారో బయట పెట్టకు. "ఫలానావాడు చెప్పాడు, నువ్వు చెరువుకెళ్లావట" అన్నావంటే ఆ ఫలానావాడు జన్మలో మళ్లీ నోరు విప్పడు. వెళ్లినవాణ్ని అందరిముందూ కొట్టినా అంతే. తన మాట వల్ల ఫ్రెండుకి దెబ్బలు పడ్డాయని చెప్పినవాడు కుమిలిపోతాడు. ఇంటికెళ్లే గంట కొట్టాక కాసేపు గుమ్మం దగ్గర వంగి నిలబడు. ఒక్కొక్కళ్లూ చెవిలో ఏదో ఒకటి చెప్పి వెళ్లాలని అలవాటు చెయ్యి. ఎక్కువమంది "టాటా టీచర్" అంటారు, ఇంట్లో కోడి పిల్లల్ని పెట్టిందంటారు. అందరూ చెబుతారు కాబట్టి ఎవరు ఏం చెప్పారో ఎవరికీ తెలియదు.

కథ కావాలంటే మిత్రలాభం ఉంది. చార్టు కంటే అది వెయ్యి రెట్లు మేలు. కాకి, ఎలుక, తాబేలు, లేడి. అందులో రెండు చోట్ల ఆగి చెప్పు. కాకి వచ్చి స్నేహం చేద్దామంటే ఎలుక వెంటనే ఒప్పుకోదు. "నువ్వు నన్ను తినేదానివి, నీతో స్నేహమేంటి?" అని కన్నంలోంచే అంటుంది. అడిగిన ప్రతివాళ్లతో వెంటనే జట్టు కట్టక్కర్లేదని, వద్దనడం తప్పు కాదని ఎలుక చేత చెప్పించు. ఆడపిల్లలకి ఇది మరీ అవసరం, మంచిపిల్ల అనిపించుకోవడానికి అన్నిటికీ తలూపుతారు. రెండోది, లేడి ఇంటికి రాకపోతే కాకి ఎగిరి వెతుకుతుంది. అది వలలో చిక్కుకుని ఉండటం చూస్తుంది. చూసి దాచదు, తాను ఒక్కతే తంటాలు పడదు, వల కొరకగలిగిన ఎలుక దగ్గరికి పరుగున వచ్చి చెబుతుంది. అక్కడ ఆపి, "కాకి చెప్పకపోతే?" అని అడుగు. పిల్లలే చెబుతారు. ఎవరు కాకి అవుతారని అడిగితే అందరూ చేతులెత్తుతారు.

"నీతో జట్టు లేదు ఫో" గొడవలకి కంగారు పడకు. ఉదయం జట్టు లేదన్నవాళ్లు అన్నం దగ్గరికి కలిసిపోతారు. మధ్యలో దూరి "సారీ చెప్పు, షేక్‌హ్యాండ్ ఇవ్వు" అని తొందరపెట్టావంటే సారీ అనేది తప్పించుకునే మాట అయిపోతుంది. "వాడి గోళీ పోయింది, ఇప్పుడేం చేద్దాం?" అని ఇద్దరినీ అడిగి వదిలెయ్యి. వెతుకుతారు. వెతుకుతూ వెతుకుతూ కలిసిపోతారు. వారమైనా కలవకపోయినా, ఒకడే ఎప్పుడూ ఏడుస్తున్నా అప్పుడు నువ్వు వెళ్లాలి. అది గొడవ కాదు, ఒకడు ఇంకొకణ్ని తొక్కడం. దాన్ని పిల్లల గొడవ అని వదిలెయ్యకు.

నీ తోటి టీచరుతో నువ్వు ఎలా మాట్లాడతావో కూడా పిల్లలు చూస్తారు. అది మర్చిపోకు.

మీ నాన్న చెప్పాడు, నీ రెండో తరగతిలో ఒక పిల్లాడు నీతో ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదట, కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తాడట. వాడి గురించి నాకు వివరంగా రాయి. ఇంట్లో ఎవరెవరున్నారు, వింటున్నాడా, పేరు పిలిస్తే తిరుగుతున్నాడా, అన్నం దగ్గర ఎవరి పక్కన కూర్చుంటాడు, ఎవరివైపైనా నవ్వుతాడా. చెవి పరీక్ష ముందు చేయించు. వినపడని పిల్లాణ్ని కలవని పిల్లాడనుకోవడం బళ్లలో చాలాసార్లు జరుగుతుంది. వినికిడి బాగుంటే తొందరపడకు. రోజూ వాడి పక్కన ఒక్క నిమిషం కూర్చుని ఆ కిటికీలోంచి వాడు చూసేదే నువ్వూ చూడు.

నీ గొంతు జాగ్రత్త. గోలగా ఉందని అరిచావంటే నెల తిరక్కుండా బొంగురుపోతుంది, చప్పట్లతో పిలువు. పొద్దున్న ఏమీ తినకుండా బస్సెక్కుతున్నావని మీ అమ్మ బాధపడుతోంది. అది చదివి నవ్వకు, తినే వెళ్లు.

ఆర్టీసీ కార్గోలో పార్సెల్ వేశాను. పాత చీరలతో కుట్టిన కాకి, ఎలుక, తాబేలు, లేడి బొమ్మలున్నాయి, చేతికి తొడుక్కునేవి. ఎలుక తోక ఊడిపోతోంది, రెండు కుట్లు వేసుకో. చింతపిక్కలు ఒక సంచి, తొక్కుడుబిళ్లకి పనికొచ్చే పెంకులు అంచులు అరగదీసినవి కొన్ని పెట్టాను. పార్సెల్ మీద నీ నంబరే రాశాను, వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తు.

ఆ చార్టు కొత్తగా రాశాక ఫొటో నాకే నేరుగా పంపు.

మీ అత్త